చుక్క తీసేసిన మాట

నాకు శాలువా కప్పడానికి వచ్చిన మనిషితో నేను అబద్ధం చెప్పాను. డెబ్భై దాటిన వయసులో, సొంత ఇంట్లో, సొంత కుర్చీలో కూర్చుని, నాలుక ఎక్కడా తడబడకుండా చెప్పాను. ఆ తర్వాత పది రోజులు ఆ అబద్ధంతోనే కాపురం చేశాను. ఈ ఒక్క అధ్యాయం వదిలేసి మిగతా జ్ఞాపకాలన్నీ రాసుకుని పుస్తకం వేసేసుకుందామని కూడా అనుకున్నాను. హాస్టలు గురించి, మా సారు గురించి, మా కళ్ళంలో ఎండే మిరపకాయల గురించి తీరిగ్గా రాసుకుంటూ పోవచ్చు. ఎవరూ అడగరు. కానీ ఆ రోజుల్లో నేను చేసిన పని ఒకటి ఇప్పుడు ఒక బడిపుస్తకంలోకి ఎక్కబోతోంది. అందుకని ముందు దీన్నే రాస్తున్నాను.

వచ్చినావిడ పేరు రజిత. కారేపల్లి దాటి అడవి అంచుకు పోతే వచ్చే కోయగూడెంలో పుట్టి, ఆ గూడెం బడిలోనే టీచరుగా చేస్తోంది. బస్సు దిగి, ఆటో పట్టుకుని, ఖమ్మంలో మా వీధి వెతుక్కుంటూ వచ్చింది. ముప్పై దాటి ఉంటాయేమో. కూర్చోగానే తాను ముత్తమ్మ మనవరాలినని చెప్పింది. ముత్తమ్మ మా ఇంట్లో ఇరవై ఏళ్ళు పనిచేసిన మనిషి. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఆమె ఇంకా ఏమీ అనకముందే నేను మంచినీళ్ళ వంకతో లోపలికి వెళ్ళి కాసేపు అక్కడే నిలబడ్డాను.

తిరిగి వచ్చేసరికి టీపాయి మీద శాలువా, దాని పక్కన అచ్చు కాగితాల కట్ట పెట్టి ఉన్నాయి. కోయ పిల్లల కోసం వాళ్ళ భాషలోనే బొమ్మల వాచకం తయారవుతోందట. మాటలు కూర్చిన వాళ్ళలో రజిత ఒకతె. ఒక పేజీ తీసి నా చేతికిచ్చింది. తలపాగా చుట్టిన పెద్దమనిషి గాదె ముందు నిలబడి చేటతో గింజలు పోస్తున్నాడు. చుట్టూ పిల్లలు దోసిళ్ళు పట్టుకుని ఉన్నారు. బొమ్మ కింద కోయభాషలో ఒక మాట, దాని పక్కన తెలుగులో అర్థం: అన్నం పెట్టే దొర. ఆ మాటను నేనిక్కడ రాయను. రాస్తే మళ్ళీ అచ్చులో పడుతుంది, దానికి ఇంకొంత ఆయుష్షు పోసినట్టవుతుంది.

“మేడం, గీ మాట మా గూడెంల ఎవ్వరికీ తెల్వదు,” అంది రజిత. “డిక్షనరీల మాత్రం దీని కింద మా నాయనమ్మ పేరున్నది. ఆమె ఒక్కతే చెప్పిందంట. ఆమెతోని పోవాల్సిన మాటను మీరు పట్టి నిలబెట్టిన్రు.”

ఆ మాటలంటుంటే ఆమె ముఖం వెలిగిపోతోంది. గూడెంలో పెద్దలందర్నీ కూర్చోబెట్టి మాటలు సరిచూశారట. ముత్తమ్మ తమ్ముడు లక్ష్మయ్య ఎనభై దాటినవాడు, ఏ మాట అడిగినా దాని తాతముత్తాతల వరకు చెప్పేవాడట. ఈ ఒక్క మాట దగ్గర ఆగిపోయాడు. అక్కకు తెలిసిన మాట తనకు తెలియకపోవడమేమిటని రోజుల తరబడి తల పట్టుకున్నాడట. ఆ తర్వాత మాటలు చెప్పడానికి రావడమే మానేశాడు. నాకు యాది పోయింది, నన్ను అడగకండి అంటున్నాడట. ఏడాది అయింది ఆయన నోరు కట్టేసుకుని. రజిత ఇదంతా జాలిగా చెప్పింది గానీ, ఆ జాలిలో నాయనమ్మ గురించిన గర్వం కూడా ఉంది. చివరికి అసలు సంగతికి వచ్చింది. నెలాఖరుకు పుస్తకం అచ్చుకు వెళుతుంది. ఈ మాటను ముత్తమ్మే చెప్పిందని నేను రెండు వాక్యాలు రాసిస్తే ముందుమాటలో వేసుకుంటారు. నిజంగా ఆమే చెప్పింది కదా మేడం, అని అడిగింది. అవునమ్మా, చెప్పింది అన్నాను. శాలువా కప్పించుకున్నాను. రెండు వాక్యాలు మాత్రం తర్వాత పంపిస్తానన్నాను.

ముత్తమ్మ చెప్పిందన్నది నిజమే. ఎలా చెప్పిందో రాస్తే తప్ప ఆ నిజం ఎంత పాడు నిజమో తెలియదు. దానికి మా ఇంటి సంగతి కొంత చెప్పాలి.

మా తాత కృష్ణా జిల్లా నుంచి ఎడ్లబండి మీద వచ్చి ఆ అడవి అంచున భూమి కొన్నాడు. కొన్నాడనే మేమంతా చెప్పుకునేవాళ్ళం. వాగు పక్క చెలక ఒకప్పుడు ముత్తమ్మ తండ్రిదని, ఒక కరువు ఏడాది చేతులు మారిందని పెద్దయ్యాక విన్నాను. ఎలా మారిందని మా ఇంట్లో ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. మాఘమాసం వచ్చేసరికి మా కళ్ళం నిండా మిరపకాయలు ఎర్రగా పరుచుకుని, ఇంట్లో మనుషులూ గొడ్లూ కలిసి తుమ్మేవాళ్ళు. మా అమ్మ పొద్దున్నే లేచి ముక్కుకు కొంగు కట్టుకుని మజ్జిగ చిలికేది. నాన్న లేవగానే చేసే మొదటి పని మొలతాడుకు కట్టుకున్న తాళంచెవి తడుముకోవడం. అది గాదెకొట్టు తాళంచెవి. ఆ కొట్టు తలుపు ఆయన తప్ప ఎవరూ తీయకూడదు. తలుపు తెరవగానే వచ్చే పాతవడ్ల వాసన, వేపాకు వాసన, ఎలుకల వాసన కలిసిన గాలి ఇప్పటికీ నా ముక్కులో ఉంది. కూలీలకు గింజలు కొలిచిపోసి వచ్చి, అరుగు మీద కూర్చుని, తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ, మనం పెడితేనే కదా వీళ్ళు ఇంత తింటున్నారు అనేవాడు. ఆ మాట ఆయన గొప్పకు అన్నది కాదు. నిజంగానే నమ్మాడు. ఆ గింజలు ఎవరు పండించారన్న ప్రశ్న ఆ అరుగు మీద ఎన్నడూ రాలేదు.

ముత్తమ్మ తెల్లవారకముందే గూడెం నుంచి నడిచి వచ్చేది. పొగ వాసన, ఇప్పపువ్వు వాసన ఆమె చీరనంటుకుని వచ్చేవి. పేడ తీసి, కళ్ళాపి చల్లి, గొడ్లను తోలి, మిరప కళ్ళంలో కూర్చునేది. ఎండు మిరపకాయలకు తొడిమలు తీయడంలో ఆమె వేళ్ళు ఎంత వేగంగా పోయేవంటే, చూస్తుంటే నా కళ్ళు మండేవి. ఆమె తినే సత్తుగిన్నె మా పెరటి చూరులో బోర్లించి ఉండేది. అది మా ఇంట్లోకి రాదు, మా గిన్నెలు దాని దగ్గరికి పోవు. అమ్మ జొన్న గటక పెట్టేటప్పుడు గరిటె గిన్నెకు తగలకుండా జానెడు ఎత్తు నుంచి వేసేది. దానికొక పద్ధతి ఉండేది. అన్నం తిందువుగాని రావే ముత్తమ్మా అని అమ్మ పిలిస్తే, వద్దు దొరసాని అనేది ముత్తమ్మ. రెండోసారి పిలిస్తే, ఆకలి లేదు అనేది. మూడోసారి పిలిస్తే లేచి చూరులోంచి గిన్నె తీసుకునేది. ఎంత ఆకలితో ఉన్నా ఆ రెండుసార్లు తప్పేవి కావు. ఒకసారి పిలవగానే వచ్చేదాన్ని మా అమ్మ తిండిపోతు అనేది. ఆ లెక్క గూడెం వాళ్ళకూ తెలుసు, మాకూ తెలుసు. మేమే చుట్టాల ఇళ్ళలో అలా చేసేవాళ్ళం. కాకపోతే మేం ఇంట్లోంచి వద్దనేవాళ్ళం, ముత్తమ్మ పెరట్లోంచి అనేది.

నేను హైదరాబాదుకు వెళ్ళి భాషాశాస్త్రం చదువుతానన్నప్పుడు నాన్న నాతో మాట్లాడడం మానేశాడు. డాక్టరు చదువైతే ఎకరం అమ్మేవాడే. మాటల గురించి చదవడమేమిటి, మాటలు రావా నీకు అని ఒక్కసారి అడిగి, ఆ తర్వాత రెండేళ్ళు నాతో ఏమున్నా అమ్మ ద్వారా చెప్పించాడు. సెలవులకు వస్తే నేను అరుగు మీదికి రాగానే లేచి పొలానికి వెళ్ళేవాడు. నేను పైకి లెక్కచేయనట్టు తిరిగేదాన్ని గానీ, ఆయన నాతో ఒక్క మాట మాట్లాడితే చాలని ఉండేది. ఇది సాకుగా చెప్పడం లేదు. ఆ రోజుల్లో నాకు కావలసింది పట్టానా, నాన్న మాటా అంటే నేను తేల్చుకోలేకపోయేదాన్ని.

మా సారు జర్మనీలో చదివి వచ్చిన మనిషి. సన్నగా, పొడుగ్గా, చొక్కా మీద ఎప్పుడూ సుద్దముక్కల దుమ్ముతో ఉండేవాడు. పాఠం మొదలుపెడితే బోర్డు నిండా ఒకే మాట. ఆయన మాకు వచ్చింది రెండో ఏడు. మొదటి రోజు తీసుకున్న మాట రొట్టె. ఇంగ్లీషులో లోఫ్ అంటారే, ఆ మాట పాత ఇంగ్లీషులో హ్లాఫ్, గోతిక్ అనే చచ్చిపోయిన భాషలో హ్లైఫ్స్, జర్మన్‌లో లైబ్. అన్నీ ఒక తల్లి పిల్లలు. ఆ తల్లిని ఎవరూ చూడలేదు, ఎక్కడా రాసిపెట్టి లేదు. పిల్లల ముఖాలు పక్కపక్కన పెట్టి తల్లి ముఖం ఊహించాలి. అలా ఊహించి పండితులు హ్లైబజ్ అన్న మాటను కట్టారు. బోర్డు మీద దాన్ని రాసే ముందు సారు ఒక నక్షత్రపు గుర్తు పెట్టాడు. మేం దాన్ని చుక్క అనేవాళ్ళం. ఆ చుక్క ఎందుకో ఆయన చెప్పిన తీరు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. ఈ మాటను నేను వినలేదు, ఎవరూ వినలేదు, ఇది నా ఊహ అని ఒప్పుకోవడానికట ఆ చుక్క. “చుక్క ఉన్నంతసేపు మీరు పండితులు. వినని మాటను విన్నామని చుక్క తీసేసిన రోజు, వేరే పని చూసుకోండి,” అన్నాడు.

ఆ రోజే ఇంకో సంగతి చెప్పాడు. ఇంగ్లీషులో లార్డ్ అన్న మాట ఆ రొట్టె మాటలోంచే పుట్టిందట. రొట్టెకు కాపలా ఉండేవాడు అని దాని పాత అర్థం. లేడీ అంటే రొట్టెకు పిండి పిసికేది. ఇంట్లో పనిచేసే మనిషిని రొట్టె తినేవాడు అనేవారట. ఒక్క రొట్టెముక్క చుట్టూ ఇల్లంతా పేర్లు పెట్టుకుని కూర్చుంది. నాకు ఒళ్ళు పులకరించింది. తాళంచెవితో నాన్న, గరిటెతో అమ్మ, గిన్నెతో ముత్తమ్మ, ముగ్గురూ ఆ బోర్డు మీద కనిపించారు. ఆ సెలవులకు ఊరు వెళ్ళినప్పుడు అరుగు మీద అమ్మకు చెబుతున్నట్టుగా ఈ కథ చెప్పాను, నాన్న వినాలని. పొలానికి లేవబోయినవాడు ఆగిపోయాడు. రెండేళ్ళ తర్వాత మొదటిసారి నా వైపు తిరిగి, అయితే ఇంగ్లీషువాళ్ళలో కూడా దొరంటే అన్నం పెట్టేవాడేనన్నమాట అన్నాడు. సాయంత్రానికి ఊళ్ళో నలుగురికీ చెప్పి వచ్చాడు. మర్నాడు ముత్తమ్మ వాళ్ళ భాషలో కూడా ఇట్లాంటి మాట ఉందేమో చూడమ్మా అన్నాడు. అమ్మా అని పిలిచాడు.

నా పరిశోధన కోయభాష మీద. తెలుగూ కోయా దగ్గరి అక్కచెల్లెళ్ళ భాషలు. గింజను చెప్పే పాత ధాతువు ఒకటి, కాపలా కాయడాన్ని చెప్పేది ఒకటి తీసుకుని, ఈ భాషలో ఏ శబ్దం ఏ శబ్దంగా మారుతుందో ఆ లెక్క ప్రకారం మార్చి, రెండింటినీ అతికి ఒక మాట కట్టాను. దొర అంటే గింజను కాచి అన్నం పెట్టేవాడు అని వచ్చే మాట. కాగితం మీద ఎంత అందంగా ఉందో చెప్పలేను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అన్నట్టు, ఆ మాట ఎక్కడో గూడెంలో బతికే ఉంటుందని నాకు గట్టి నమ్మకం కుదిరింది. చుక్క పెట్టే రాసుకున్నాను. చుక్కతో వదిలేసి ఉంటే ఇవాళ నాకు సిగ్గుపడే పని లేదు. ఎవరి ఊహ వాళ్ళది.

మాటలు సేకరించడానికి సారు పెట్టిన నియమం ఒక్కటే. మాట నువ్వు చెప్పకు. వస్తువు చూపించు, నోరు మూసుకో, వాళ్ళు ఏమంటారో రాసుకో. ఆ నియమం ప్రకారమే నేను ముత్తమ్మ దగ్గర నెల రోజులు కూర్చున్నాను. ఆమె తొడిమలు తీస్తూ నీళ్ళకు, నిప్పుకు, చెట్టుకు, చుట్టానికి మాటలు చెప్పింది. ఓపికగా చెప్పేది. నేను తప్పు పలికితే నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. మా ఇంట్లో ఆమె నన్ను చూసి నవ్వింది ఆ నెలలోనే. నాకు కావలసిన మాట మాత్రం రాలేదు. దొరను ఏమంటారంటే, దొరనే అంటం గద అంది. అన్నం పెట్టేవాణ్ణి ఏమంటారంటే, అన్నం అమ్మ పెడతది గద దొరసాని, అమ్మనే అంటం అంది. ఈ రెండో జవాబు ఎంత బలమైనదో అప్పుడు నాకు తట్టలేదు. విసుగొచ్చింది. సెలవులు అయిపోవస్తున్నాయి.

ఆ మధ్యాహ్నం నాన్న కళ్ళం పక్కనే నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. నేను నియమం పక్కన పెట్టేశాను. నేను కట్టిన మాట నేనే పలికి, మీవాళ్ళు ఇలా అంటారా అని అడిగాను.

ముత్తమ్మ చేతులు ఆగాయి. ఆ మాటను పెదవుల మీద ఒకసారి అనుకుని చూసింది. “లేదు దొరసాని, మా దాంట్ల గట్ల అనరు,” అంది. నేను మళ్ళీ అడిగాను, పాతకాలంలో అనేవారేమో గుర్తుచేసుకో అన్నాను. “మా అమ్మ గూడ అనంగ నేను ఇనలే,” అంది. అప్పుడు నాన్న మంచం మీద నుంచి, “చెప్పవే ముత్తమ్మా, పిల్ల అంత దూరం నుంచి వచ్చి అడుగుతుంటే! అంటారా, అనరా?” అన్నాడు. గదమాయించలేదు. నవ్వుతూనే అన్నాడు. ఆయన మొలతాడు తాళంచెవి మంచం పట్టెకు తగిలి చిన్న చప్పుడైంది. నేను మూడోసారి ఆ మాట పలికాను. ముత్తమ్మ నా వైపు చూడలేదు, నాన్న వైపూ చూడలేదు. మిరపకాయల కుప్పను చూస్తూ, “అవ్ దొరసాని, అంటరు,” అంది. ఎవరంటారని అడిగితే, ముసలోళ్ళు అంటరు అంది. తర్వాత, ఇగ పని కానియ్యాల్నా అని అడిగింది. ఆ రోజు తర్వాత నేను మాటలు తప్పు పలికినా ఆమె నవ్వలేదు.

నేను రాసుకున్నాను. పక్కన ముత్తమ్మ పేరు, ఊరు రాసుకున్నాను. మనసు ఒప్పుకోవడానికి నాకు ఒక దారి కూడా దొరికింది. మా పెరట్లో రెండుసార్లు వద్దనడం మర్యాద, మూడోసారి అన్నదే అసలు సంగతి కదా, మాట విషయంలోనూ అంతే అనుకున్నాను. పరాయి ఊరి నుంచి వచ్చిన పరిశోధకులెవరికీ ఈ సాకు దొరికేది కాదు. ఆ పెరట్లో పుట్టి పెరిగిన దాన్ని కాబట్టి నాకే దొరికింది. అది సాకని నాకు ఆ సాయంత్రమే తెలుసు. హైదరాబాదులో థీసిస్ టైపు చేసే ఆయన నా రాతప్రతిలోని ఆ పేజీ దగ్గర ఆగి, ఇక్కడ మాట ముందు చుక్క ఉంది, కొట్టేసినట్టు ఉంది, పెట్టాలా వద్దా అని అడిగాడు. అప్పుడు కూడా సమయం ఉంది. వద్దన్నాను.

సారు ఆ పేజీ చదివి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నువ్వే అడిగావా, వాళ్ళే చెప్పారా అని ఒకే ప్రశ్న వేశాడు. వాళ్ళే చెప్పారు సార్ అన్నాను. ఆయన నమ్మాడు. పట్టా వచ్చింది, దాని వెనుకే ఖమ్మంలో కాలేజీ ఉద్యోగం వచ్చింది. నాన్న ఊళ్ళో వాళ్ళను పిలిచి మా అమ్మాయి కనిపెట్టిన మాట అని చెప్పుకున్నాడు. నా థీసిస్‌లోంచి ఆ మాట ఒక పదాల పట్టికలోకి, పట్టికలోంచి ఒక నిఘంటువులోకి పోయింది. ఎక్కడికి పోయినా దాని వెంట ముత్తమ్మ పేరు పోయింది, నా పేరు వెనక్కి తగ్గుతూ వచ్చింది. మొదట్లో చిన్నబుచ్చుకున్నాను. తర్వాత హాయిగా ఉండేది. తప్పు ఏదైనా ఉంటే అది చెప్పిన మనిషిదే అవుతుంది కదా అన్న ఆలోచన నాకు వచ్చిందని రాయడానికి చెయ్యి రావడం లేదు, కానీ వచ్చింది.

రజిత వెళ్ళిపోయిన తర్వాత పది రోజులు నాకు తిండి సయించలేదు. రోజులు ఎంత మారాయో లెక్క వేసుకుంటూ కూర్చున్నాను. ముత్తమ్మ మనవరాలు నా ఎదురుగా కుర్చీలో కూర్చుని, నా స్టీలు గ్లాసులో టీ తాగి, గ్లాసు టీపాయి మీద పెట్టి వెళ్ళింది. మా ఊళ్ళో ఇల్లు ఎవరో మిరప వ్యాపారి కొనుక్కున్నాడు. ఆ చూరు లేదు, గాదె లేదు, నాన్నా లేడు. ఇంత పోయాక కూడా, మనం పెడితేనే కదా తింటున్నారు అని నాన్న అరుగు మీద అన్న మాట మాత్రం వాళ్ళ పిల్లల పుస్తకంలోకి వెళ్ళబోతోంది. అదీ వాళ్ళ భాషలో, వాళ్ళ నాయనమ్మ నోటితో. దోసిళ్ళు పట్టుకున్న ఆ పిల్లల బొమ్మ అన్నం ముందు కూర్చుంటే కనిపించేది. అంతకన్నా ఎక్కువగా బాధపెట్టింది లక్ష్మయ్య సంగతి. వందల మాటలు తెలిసిన మనిషి, లేని మాట ఒకటి గుర్తురాక, తెలిసినవన్నీ మింగేసి కూర్చున్నాడు.

పదకొండో రోజు బస్సెక్కాను. గూడెం గుర్తుపట్టలేకపోయాను. సిమెంటు రోడ్డు, స్లాబు ఇళ్ళు, ముంగిట్లో బైకులు. బడి వసారాలో రజిత కుర్చీ వేసింది. కూర్చుంటే చెప్పలేనేమోనని నిలబడే చెప్పాను. కళ్ళం, మంచం, మూడుసార్లు అడగడం, టైపు ఆయన ప్రశ్న, ఏదీ దాచలేదు. అన్నానికి పిలిస్తే వద్దు అనడం మర్యాద కదా, ఇదీ అలాగే అనుకున్నానని కూడా చెప్పాను. చెబుతుంటేనే ఆ మాట ఎంత నీచంగా ఉందో నా చెవులకు వినిపించింది.

రజిత ముఖంలో వెలుగు ఆరిపోవడం చూశాను. ఆమె గర్వాన్ని నేనే ఇచ్చి నేనే లాక్కుంటున్నాను. తర్వాత నెమ్మదిగా, “అన్నం కాడ వద్దంటే మర్యాద మేడం. మాట కాడ లేదంటే లేదనే,” అంది. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. మా తాతకు మీరే చెప్పండి, నేను చెప్పను అని లేచి వెళ్ళి లక్ష్మయ్యను వెంటబెట్టుకుని వచ్చింది.

ఆయన కర్ర ఊతతో వచ్చి వసారా గట్టు మీద కూర్చున్నాడు. నన్ను పోల్చుకుని చిన్నదొరసాని అన్నాడు. లక్ష్మయ్యగారూ అన్నాను. ఆ గారును ఆయన పట్టించుకోలేదు. మీరు మరిచిపోలేదు, ఆ మాట మీ భాషలో లేనే లేదు, నేను కట్టిన మాట అది, మీ అక్కతో బలవంతాన అవుననిపించాను అని చెప్పాను. ఆయన కర్ర మీద గడ్డం ఆనించి విన్నాడు.

“లేని మాటనా నేను ఏడాది సంది యాది జేసుకుంటున్నది?” అన్నాడు. అవునన్నాను. “అక్క లేదన్నదా?” అని అడిగాడు. రెండుసార్లు అంది అని చెప్పాను. కళ్ళు మూసుకున్నాడు. “దొరలకు చెప్పి, తోడబుట్టినోనికి నాకు చెప్పకపాయెనని అక్కను మనసుల తిట్టుకున్న. సచ్చిపోయిన మనిషిని తిట్టుకున్న,” అన్నాడు. కోపంగా అనలేదు.

రజిత లోపలికి వెళ్ళి తెల్లకాగితం, పెన్ను తెచ్చి నా ముందు పెట్టింది. ఆ బొమ్మ పేజీ తీసేస్తున్నామంది. నిఘంటువు వాళ్ళకు, వాచకం వాళ్ళకు నేను రాయవలసింది తాను చెబుతానంది. ముప్పై ఏళ్ళు కాలేజీ పిల్లలకు డిక్టేషన్ చెప్పిన దాన్ని, తల వంచుకుని రాశాను. ఈ మాట కోయభాషలో లేదు, ముత్తమ్మను అడిగితే లేదని చెప్పింది, మళ్ళీ అడిగితే మళ్ళీ లేదనే చెప్పింది. అక్కడితో ఆపింది. నాకు పాత చదువు గుర్తొచ్చి, జరిగింది జరిగినట్టు ఉండాలి కదా, మూడోసారి అవునందని కూడా రాయనా అని అడిగాను.

“మూడోది మీ నాయన మాట మేడం,” అంది రజిత. “మా నాయనమ్మది కాదు.”

అది కూడా రాసి, కింద సంతకం పెట్టాను.